సమస్యాపూరణం: పారవేసిన యాకుకే పట్ట మబ్బె

పై పాదమే సమస్య, తేటగీతి ఛందస్సులోది. దాన్ని చివర ఉంచి ముందు మూడు పాదాలు రాయడమే పూరణ. ఆకు కరివేపాకే కావాలి. పెంచేవారు, వండేవారు, తినేవారు ఎవరైనా కలంపేరుతో పూరించవచ్చు. నిమ్మకూ వెలగకూ మారేడుకూ చుట్టమైన ఈ చెట్టును ఏరి పారేసే వస్తువుగానే సామెతల్లో చూశాం. పట్టం ఎందుకు దక్కిందో పద్యమే చెప్పాలి.

రోటిపచ్చడి:

పప్పుపోపున చిటపట పలుకు నపుడు
నేతిలో దన పరిమళ నిధిని బోసి
తినెడి కంచాన నొకమూల తీసిపెట్ట
పారవేసిన యాకుకే పట్ట మబ్బె

పరిష్కర్త: గణాలు, యతులు (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) సరిగ్గా ఉన్నాయి. 'పరిమళ నిధి' నాకు చాలా నచ్చింది. కానీ అన్వయం మూడో పాదంలో తెగింది. కంచంలో మూలకు నెడితే పట్టం ఎలా వస్తుంది? నెట్టిన తర్వాత ఏదో జరగాలి. ఆ జరిగినది పద్యంలో లేదు.

రోటిపచ్చడి: ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో వేడి అన్నంలో మొదటి ముద్ద కరివేపాకు పొడితోనే. మళ్లీ రాశాను.

నిన్న చారులో వేలితో నెట్టివేసి
నేడు రోటిలో మిరపతో నేర్పుమీర
పొడిగ దంచితి దొలిముద్ద పొందు కొరకు
పారవేసిన యాకుకే పట్ట మబ్బె

పరిష్కర్త: ఇప్పుడు కుదిరింది. నెట్టిన రెమ్మ, దంచిన రెమ్మ వేరని ఎవరైనా అనవచ్చు. ఆకు జాతి ఒకటే కాబట్టి దోషం కాదు. 'తొలిముద్ద' పద్యానికి ప్రాణం.

పెరటిచెట్టు:

రెమ్మ దుంచిన కొలదియు గొత్త చివురు
పుట్టు, పుల్లని మజ్జిగ పోయ బెరుగు
ముదిరి రాలిన దైనను మొదలు జేర
పారవేసిన యాకుకే పట్ట మబ్బె

పరిష్కర్త: మొదటి పాదంలో యతి తప్పింది: 'రె'కు 'గొ' చెల్లదు. 'రెమ్మ' తీసి 'కొమ్మ' పెట్టండి, సరిపోతుంది. సాగు పరంగానూ అదే మేలు. ఒక్కొక్క ఆకు గిల్లితే మొక్క సన్నగా పైకే పోతుంది. కొమ్మ చివర తుంచితే పక్కల నుంచి చిగుళ్లు వచ్చి గుబురవుతుంది. మజ్జిగ పక్కన 'పెరుగు' రెండర్థాలతో నిలిచింది, అభినందనలు.

కాకినాడ గాలి:

కోనిగను వైద్యు పేరున గొప్ప కెక్కి
శాస్త్రమున నిల్చె మనయింటి చారులోని
తినక పళ్లెపు టంచుకు దీసి తీసి
పారవేసిన యాకుకే పట్ట మబ్బె

కరివేపాకుకున్న ముర్రాయా కోనిగీ అన్న శాస్త్రీయ నామంలోని కోనిగ్, స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నయస్ శిష్యుడు. 1768లో తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వచ్చి, 1785లో మా కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆ వీధుల్లో నడిచినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.

పరిష్కర్త: పట్టానికి ఇంతకంటే సూటి కారణం దొరకదు. శా–చా యతి చెల్లుతుంది. 'నిల్చె' దగ్గర చిన్న విరామం ఇచ్చి చదివితే అన్వయం స్పష్టమవుతుంది.

డాబాతోట:

పురుగు పట్టినదని రెమ్మ పుణికి తుంచి
గోడ దరి వైవ నొకనాడు గూడు చీల్చి
సీతకోకయె రెక్కల చీర దాల్చె
పారవేసిన యాకుకే పట్ట మబ్బె

పరిష్కర్త: ఈ వారం నా మనసు దోచిన పూరణ ఇదే. 'కోక' పక్కన 'చీర' ఎంత సహజంగా ఒదిగిందో! ఒక్క సందేహం. తుంచిన రెమ్మ వాడిపోతుంది కదా, పురుగు గూడు కట్టేదాకా ఏం తిని బతికింది? పిట్టరెట్టలా కనిపించే చిన్న పురుగైతే లేత ఆకు లేక చచ్చిపోతుంది.

డాబాతోట: అది బాగా బలిసిన ఆకుపచ్చ పురుగు. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు చాపి ఘాటైన వాసన వదిలింది. మేత ముగించినట్టుంది, రెండో రోజుకే గోడకు అతుక్కుంది. దాన్ని విసిరినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. మొక్కకు కాసిన కాయలు నల్లబడ్డాయి. గింజలు ఎండితే మొలకెత్తవు కాబట్టి ఈరోజే గుజ్జు కడిగి రెండు కుండీల్లో నాటాను. రెండో కుండీ పూర్తిగా పురుగులకే.