ఊరి మురుగు నదిలో పడకుండా శుద్ధి చెరువులు: మీ ఊళ్లో ఎలా ఉన్నాయి?

సువర్ణముఖి ఒడ్డు (వంగర): మా ఊరి కాలువలన్నీ గెడ్డలో (వాగులో) పడతాయి. గెడ్డ సువర్ణముఖిలోకి, అక్కణ్ణుంచి మడ్డువలస రిజర్వాయరుకి. ఇంటింటికీ కొళాయి వచ్చాక మురుగూ పెరిగింది. శుద్ధి చెరువులు తవ్వుదామని పంచాయతీలో మాట నడుస్తోంది. ఎంత స్థలం కావాలి? కంపు కొడుతుందా? తర్వాత ఎవరు చూస్తారు?

ఆమదాలవలస అబ్బాయి: చెరువుల సంగతి తర్వాత, ముందు సెప్టిక్ ట్యాంకు బళ్లను ఆపించండి. అర్ధరాత్రి మా కాలవ గట్టు మీద ట్యాంకర్ ఆపి పైపు వదిలేస్తున్నారు. తెల్లారి పొలానికి వెళ్తే గట్టంతా నల్లటి మడ్డి. ఆ దిగువనే మా తాగునీటి ఊటబావి. ఫిర్యాదు చేస్తే బండి నంబరు చెప్పమన్నారు. చీకట్లో నంబరెలా కనిపిస్తుంది?

రిటైర్డ్ ఏఈ: అసిస్టెంట్ ఇంజనీరుగా నా సర్వీసంతా ఈ పనుల్లోనే గడిచింది, లెక్క నేను చెబుతాను. మనిషికి రోజుకి 55 లీటర్లిస్తే 80 శాతం మురుగై తిరిగొస్తుంది. 3000 మంది ఊరికి 1,30,000 లీటర్ల పైమాటే. అది 15 రోజులు నిలవాలంటే 1.2 మీటర్ల లోతు చెరువుకి 40 సెంట్లు కావాలి. ముందు గుంట, చివరి చెరువు, గట్లు కలిపి ఎకరం అనుకోండి. శుద్ధికి కరెంటు అక్కర్లేదు. ముందు గుంటలో మడ్డి దిగుతుంది. నడిమి చెరువులో ఎండకి నాచు ఆక్సిజన్ వదులుతుంది, దాంతో బాక్టీరియా మలినాన్ని తినేస్తుంది. చివరిది లోతు తక్కువ, అక్కడ ఎండకి రోగక్రిములు చస్తాయి. బయటికి వదిలే నీళ్లలో బీఓడీ లీటరుకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు.

గోగు రైతు: బీఓడీ అంటే అందరికీ తెలియకపోవచ్చు. నీళ్లలోని కుళ్లు ఎంత ఆక్సిజన్ తింటుందో చెప్పే లెక్క అది. నార కోసం గోగు కట్టలు ఊరేసిన చెరువులో చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలడం మన వైపు చూడనివాడు లేడు. మురుగు పడ్డ గెడ్డలోనూ అదే. కుళ్లు ఆక్సిజన్ తినేస్తే చేపకి మిగలదు.

బొబ్బిలి చిన్నమ్మి: మా చెరువులో ఎండ పడే చోటేదీ? అంతా గుర్రపుడెక్కే. దోమలతో పిల్లలకి జ్వరాలు.

ప్రకృతి సాగు, పార్వతీపురం: గుర్రపుడెక్కని తిట్టకండి. దాని వేళ్లు నత్రజని, భాస్వరం లాగేస్తాయి. కంపోస్టుకీ పనికొస్తుంది.

రిటైర్డ్ ఏఈ: తరచూ తీస్తేనే. వదిలేస్తే చెరువంతా కప్పేస్తుంది, నాచు చస్తుంది, కంపు మొదలవుతుంది. చచ్చిన మొక్క అడుగున కుళ్లి, పీల్చిందంతా మళ్లీ నీళ్లలోకే వదులుతుంది.

ప్రకృతి సాగు, పార్వతీపురం: ఆఫీసులో కూర్చుని చెప్పే మాటలివి. నేను తీయించి పొలానికి వేస్తున్నాను.

రిటైర్డ్ ఏఈ: మీరు తీయించారు కాబట్టే పనిచేసింది! నేనన్నదీ అదే కదండీ. చదవకుండా ఎగరకండి.

బొబ్బిలి చిన్నమ్మి: మీరిద్దరూ కాస్త ఆగండి. మా ఊళ్లో తీసేదెవరు? గ్రీన్ అంబాసిడర్లకి (పంచాయతీ పారిశుధ్య కార్మికులకి) నెలల తరబడి జీతాల్లేవు. చేతులకి గ్లౌజులు కూడా ఇవ్వకుండా ఆ నీళ్లలోకి దిగమంటే ఎవరు దిగుతారు?

కళింగపట్నం: వంగర ఇప్పుడు విజయనగరం జిల్లా కదా, మన శ్రీకాకుళం చర్చలోకి ఎందుకొచ్చారు?

సువర్ణముఖి ఒడ్డు (వంగర): 2022లో జిల్లా మారింది గానీ నీళ్లు దారి మార్చుకోలేదు బావూ. సంగంలో నాగావళితో కలిసి మీ శ్రీకాకుళం మీదుగానే సముద్రానికి పోతాయి. మా మురుగు మీకూ వస్తుంది.

గోగు రైతు: డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. స్వచ్ఛభారత్ రెండో దశలో 5000 లోపు జనాభా ఊరికి మురుగునీటి పనులకి మనిషికి 280 రూపాయల దాకా ఇస్తామన్నారు, దాటితే 660. అందులో 30 శాతం ఆర్థిక సంఘం నిధుల నుంచి. అంటే 3000 మందికి 8 లక్షల 40 వేలు. తవ్వడానికి సరిపోవచ్చు, ఏటేటా చూసుకోడానికి పంచాయతీయే తీయాలి.

సువర్ణముఖి ఒడ్డు (వంగర): ఏఈ గారూ, ఎకరం పోరంబోకు గెడ్డ పక్కనే ఉంది. వానాకాలం మునుగుతుంది. తవ్వొచ్చా?

రిటైర్డ్ ఏఈ: వద్దు బాబూ. ఒక్క వరదొస్తే అడుగున చేరిన మడ్డంతా నదిలో పడుతుంది. వరద ఎక్కని మెరకలో, తాగునీటి బోర్లకి దూరంగా వెతకండి. మురుగు పైకి పారదు కాబట్టి పంపు పెట్టాల్సి రావచ్చు. సర్వే నంబర్ల పటం పెట్టండి, చూసి చెబుతాను.