విజువల్ ఎడిటర్‌లో లింకు ఇస్తే మధ్యలో నోవికీ ఎందుకొచ్చి పడుతోంది?

కృష్ణాతీరం:
తెవికీలో (తెలుగు వికీపీడియా) మా మండలంలోని ఊళ్ల వ్యాసాలు సరిచేస్తున్నాను. సోర్సు (వ్యాసం వెనకుండే కోడు) జోలికి పోకుండా విజువల్ ఎడిటర్‌లోనే రాస్తాను, వర్డ్‌లో రాసినంత హాయిగా ఉంటుంది. కానీ ప్రచురించాక పేజీ చరిత్రలో తేడా చూస్తే నేను టైపు చెయ్యనిది కనిపిస్తోంది. "గుంటూరులో" అన్న మాటలో గుంటూరు వరకూ సెలెక్ట్ చేసి లింకు ఇచ్చాను, అంతే. సోర్సులో మాత్రం ఇలా ఉంది:

[[గుంటూరు]]<nowiki/>లో

ఇలాంటివి ఒక్కో వ్యాసంలో బోలెడు. ఎవరో సీనియర్ వాడుకరి వచ్చి అన్నీ తీసేశారు, సారాంశంలో "అనవసర నోవికీ" అని రాసి వదిలేశారు. ఎడిటర్ దానంతటదే పెట్టినదానికి నేనేం చెయ్యాలి? ఇంకో సంగతి, అసలీ బ్రాకెట్లూ కొటేషన్ గుర్తులూ ఎందుకు, వ్యాసాన్ని నేరుగా బ్రౌజర్ చదివే హెచ్‌టీఎంఎల్‌గానే దాచేస్తే ఈ అటూ ఇటూ మార్చే గొడవే ఉండదు కదా?

పాత వాడుకరి:
మీరు తెర మీద చేసింది చేసినట్టు నిలబెట్టడానికే ఎడిటర్ దాన్ని పెట్టిందండీ. నోవికీ అంటే ఇక్కడి గుర్తులను కోడుగా చదవొద్దని వికీకి చెప్పే ట్యాగు. సోర్సులో మీరు చూసే ఆ బ్రాకెట్ల కోడునే వికీటెక్స్ట్ అంటారు. వికీటెక్స్ట్‌లో ఒక వెసులుబాటు ఉంది, బ్రాకెట్లు మూసేశాక ఖాళీ లేకుండా అక్షరాలు వస్తే వాటిని కూడా లింకులో కలిపేసుకుంటుంది. ఇంగ్లీషులో బహువచనాల్లాంటి వాటికి పనికొచ్చే ఏర్పాటు ఇది. మన భాషకి వచ్చేసరికి తెలుగు అక్షరాలను అందులో చేర్చారు, అది మన విభక్తులకి ఎంత బాగా కుదిరిందో చూడండి: [[గుంటూరు]]లో, [[గుంటూరు]]కు, [[గుంటూరు]]నుంచి, ఎలా రాసినా మాట మొత్తం నీలంగా కనిపిస్తుంది, నొక్కితే గుంటూరు వ్యాసానికే పోతుంది.

మీరేమో గుంటూరు దాకా నీలం చేసి "లో" నల్లగా వదిలేశారు. తెర వెనక ఉన్న హెచ్‌టీఎంఎల్‌లో లింకు ఎక్కడ ముగిసిందో ఖాయంగా ఉంటుంది. దాన్ని తిరిగి వికీటెక్స్ట్‌గా రాసేది పార్సాయిడ్ అనే ప్రోగ్రాం. పక్కపక్కనే రాసేస్తే "లో" కూడా లింకులోకి పోతుందని దానికి తెలుసు, అందుకే మధ్యలో ఖాళీ నోవికీ అడ్డం పెడుతుంది.

ఇకనుంచి "గుంటూరులో" అన్న మాట మొత్తం సెలెక్ట్ చేసి, వెతుకుపెట్టెలో గుంటూరు వ్యాసాన్ని ఎంచుకోండి. సోర్సులో [[గుంటూరు|గుంటూరులో]] అని వస్తుంది. చేత్తో రాసేదానికన్నా పొడుగే గానీ తప్పేం లేదు. మాట రూపమే మారిపోయే చోట ఆ నిలువుగీత ఎటూ తప్పదు: [[గుర్రం|గుర్రాన్ని]], [[పుస్తకం|పుస్తకాలకు]].

పొల్లు_వత్తు:
పైదానికి ఒక చేర్పు. పొల్లుతో ఆగే మాటలతో జాగ్రత్త. [[ఇంటర్నెట్]]లో అని రాస్తే ట కింద ల వత్తు పడి "ఇంటర్నెట్లో" అవుతుంది. అది నచ్చనివాళ్లు పొల్లు తరవాత కంటికి కనపడని విడదీసే అక్షరం ఒకటి కొడతారు. అది తెలుగు అక్షరాల కిందకి రాదు కాబట్టి లింకు అక్కడితో ఆగిపోయి "‌లో" నల్లగా మిగులుతుంది. ఒక వాక్యంలో లో నీలంగా, పక్క వాక్యంలో నల్లగా ఉందంటే ముందు ఇది చూడండి. వ్యాసం పేర్లలోనూ అంతే, ఆ కనపడని అక్షరం ఉన్న "ఫేస్‌బుక్", లేని "ఫేస్బుక్" వికీ లెక్కలో రెండు వేరు పేర్లు. ఒకదాన్నుంచి రెండోదానికి దారిమార్పు పెట్టుకోవాల్సిందే.

తెరవెనక:
రెండో ప్రశ్నకి నేను చెప్తాను, ఇది నాకు బాగా ఇష్టమైన విషయం.

తెవికీ 2003 డిసెంబరులో మొదలైంది, అప్పటినుంచీ వ్యాసాల చరిత్ర వికీటెక్స్ట్ రూపంలోనే ఉంది. ఎవరు ఏ మాట మార్చారో ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా తేడాలో చదివి పట్టుకోగలుగుతున్నారంటే దాని చలవే. హెచ్‌టీఎంఎల్ ట్యాగుల మధ్య అదే మార్పు వెతుక్కోమంటే ఇటీవలి మార్పుల మీద కన్నేసి ఉంచే ఓపిక ఎంతమందికి మిగులుతుంది?

అయితే వికీటెక్స్ట్‌కి రాసిపెట్టిన పక్కా వ్యాకరణం లేదు, పాత పార్సర్ (దాన్ని చదివి పేజీగా మార్చే ప్రోగ్రాం) ఎలా అర్థం చేసుకుంటే అదే రూలు. ఈ రెండూ చూడండి:

'''''తెలుగు'' భాష'''
'''''తెలుగు''' భాష''

రెండు కొటేషన్ గుర్తులు పెడితే వాలు అక్షరాలు, మూడు పెడితే బొద్దు. పై రెండూ అయిదు గుర్తులతోనే మొదలయ్యాయి. మొదటిదాంట్లో బొద్దు బయట, వాలు లోపల; రెండోదాంట్లో తిరగబడింది. ముందుకెళ్లి ముందు ఏది మూశారో చూస్తేగానీ మొదట్లో ఏముందో తేలదు. మూసలు (చాలా పేజీల్లో వాడుకునే టెంప్లేట్లు) ఇంకా మొండివి. ఒక మూస పట్టికను తెరుస్తుంది, ఇంకో మూస దాన్ని మూస్తుంది, విడిగా తీసి చూస్తే దేనికీ తలాతోకా ఉండదు.

ఇలాంటిదాన్ని హెచ్‌టీఎంఎల్ చెయ్యడం ఒక ఎత్తు, మళ్లీ వెనక్కి రాయడం ఇంకో ఎత్తు. పార్సాయిడ్ ముందుకి మార్చేటప్పుడే ఏ ముక్క మూలంలో ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో గుర్తు రాసిపెట్టుకుంటుంది. మీరు ఒక పేరా మారిస్తే దాన్నే కొత్తగా రాస్తుంది, ముట్టుకోని భాగాన్ని పాత మూలంలోంచి ఉన్నదున్నట్టు తెచ్చి పెడుతుంది. ఈ పద్ధతి లేకపోతే మీరు ఒక అచ్చుతప్పు దిద్దినా, ఎవరో పొందిగ్గా పేర్చిన పట్టికలో ఖాళీలూ వరసలూ మారిపోయి, మీ దిద్దుబాటు ఆ తేడాలో ఎక్కడో మునిగిపోయేది. 2013 జులైలో ఇంగ్లీషు వికీపీడియాలో విజువల్ ఎడిటర్‌ను అందరి ముందూ పెట్టినప్పుడు ఈ నోవికీలు కూడా పెద్ద ఫిర్యాదే. సెప్టెంబరుకల్లా కావాలనుకున్నవాళ్లకే అని మార్చాల్సి వచ్చింది. ఇప్పుడున్నది అప్పటికన్నా చాలా నయం.

కృష్ణాతీరం:
చాలా థాంక్సండీ, మాట మొత్తం సెలెక్ట్ చేస్తే నోవికీ రావట్లేదు. పాత వ్యాసాల్లో మిగిలినవాటిని ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒకేసారి తీసెయ్యొచ్చా?

పాత వాడుకరి:
వద్దండీ. సహాయం పేజీల్లో బ్రాకెట్లను బ్రాకెట్లుగానే చూపించడానికి పెట్టిన నోవికీలుంటాయి, అవి పోతే పేజీ పాడవుతుంది. బ్రాకెట్లు మూసిన వెంటనే ఖాళీ నోవికీ, ఆ తరవాత విభక్తి ఉన్నవి మాత్రమే వెతికి ఒక్కొక్కటీ చూసి తియ్యండి. సమాసంలో ఒక ముక్కకే లింకు కావాలని ఎవరైనా కోరి పెట్టుకున్నవి కూడా కొన్ని ఉంటాయి, వాటిని అలాగే ఉండనివ్వండి.