పార్టీ ప్లేటుకు పళ్లు: ఏవి ముందు కొనాలి, ఏవి చివర్లో?

ప్రశ్న
ఆదివారం సాయంత్రం 20 మందికి పెద్ద ఫ్రూట్ ప్లేటు పెట్టాలి. పుచ్చకాయ, పైనాపిల్, బొప్పాయి, కివీ, ద్రాక్ష, యాపిల్ అనుకుంటున్నాను. అన్నీ గురువారమే కొనేస్తే ఆదివారానికి సరిగ్గా పండుతాయా? మొత్తం ఎన్ని కిలోలు తేవాలి?

జవాబు 1
అన్నీ ఒకేసారి కొనకండి. చెట్టు నుంచి కోశాక కూడా మాగేవి కొన్ని, కోశాక ఇక మాగనివి కొన్ని.

బొప్పాయి, కివీ మాగే రకం, గురువారం తెచ్చుకోవచ్చు. బొప్పాయి తొక్క సగానికి పైగా పసుపు తిరిగి ఉండాలి. నిండా పచ్చగా ఉన్నది తెస్తే ఆదివారానికి మెత్తబడొచ్చు గానీ చప్పగానే ఉంటుంది. దోరగా ఉన్నప్పుడే ఫ్రిజ్‌లో పెట్టారో, చలికి దెబ్బతిని తర్వాత బయట ఉంచినా సరిగా మాగదు. కివీ గట్టిగా ఉంటే ఒక యాపిల్‌తో కలిపి కాగితం సంచిలో వేసి మూతి మడిచేయండి. యాపిల్ వదిలే ఇథిలీన్ అనే మాగబెట్టే వాయువుకు కివీ తొందరగా మెత్తబడుతుంది. రోజూ నొక్కి చూస్తూ, వేలికి కాస్త లొంగగానే ఫ్రిజ్‌లోకి మార్చండి.

పుచ్చకాయ, పైనాపిల్, ద్రాక్ష శనివారం కొనండి. కొన్నప్పుడు ఎంత తీపి ఉందో అంతే. పైనాపిల్ ఇంట్లో ఉంచితే తొక్క పసుపెక్కుతుంది కానీ తీపి పెరగదు, ఆ రంగు చూసి మోసపోవద్దు. అడుగు భాగం వాసన చూడండి: తియ్యటి వాసన వస్తే తీసుకోండి, పులిసిన వాసన వస్తే వదిలేయండి. ద్రాక్ష గుత్తిని మెల్లగా కదిపితే పళ్లు రాలకూడదు, కాడ పచ్చగా ఉండాలి. పైనున్న తెల్లటి బూడిదలాంటి పూత సహజమే.

జవాబు 2
లెక్క నేను చెప్తాను. మనిషికి 150 గ్రాముల ముక్కలు చాలు, అంటే 3 కిలోలు. వేరే తిండి లేకపోతే 4. పైనాపిల్‌లో దాదాపు సగం, పుచ్చకాయలో మూడో వంతు చెత్తలోకే పోతుంది కాబట్టి కొనేటప్పుడు 5 కిలోలకు తగ్గొద్దు.

పుచ్చకాయను తట్టి చూసే విద్య మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నేలకు ఆనిన చోట మచ్చ చూడండి. వెన్నలా పసుపుగా ఉంటే పండింది, తెల్లగా ఉంటే తొందరపడి కోసేశారు. ఒకే సైజు కాయల్లో బరువున్నది ఎంచుకోండి.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్సండీ. శనివారం రాత్రే కోసి పెట్టేయొచ్చా?

జవాబు 3
వద్దండీ, ఆదివారం ఉదయం కోయండి. పుచ్చకాయ తొక్క తినం కదా అని కడగడం మానొద్దు. పైనున్న మట్టీ క్రిములూ కత్తితో పాటే లోపలికి దిగుతాయి. కోసిన పుచ్చకాయ, పైనాపిల్ ముక్కల్ని విడివిడి డబ్బాల్లో, అడుగున టిష్యూ పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. ఊరిన నీళ్లను అది పీల్చుకుంటుంది.

యాపిల్ అన్నిటికన్నా చివర్లో. గ్లాసు నీళ్లలో టేబుల్‌స్పూన్ నిమ్మరసం కలిపి, ముక్కల్ని 5 నిమిషాలు ముంచి తీసి తుడిచేయండి, నల్లబడవు. పంచదార మాత్రం చల్లకండి, ముక్కలన్నీ నీరుకారిపోతాయి.

ప్లేటు బయట 2 గంటలకు మించి ఉంచకూడదు, ఎండ మండిపోతుంటే గంటే. అందుకే సగం ముక్కలు ఫ్రిజ్‌లో ఆపి, ప్లేటు ఖాళీ అయ్యాక దాన్ని మార్చి కొత్తది పెట్టండి. పుచ్చకాయకు వేరే గిన్నె ఉంటే ఇంకా మేలు, దాని నీళ్లలో యాపిల్ నానిపోదు.