హ్యాండ్ బ్రేక్ కేబుల్ కొత్తది వేశాక లివర్ పైదాకా లేస్తోంది

ప్రశ్న (వ్యాన్‌బండి):
వెనక డ్రమ్ము బ్రేకుల వ్యాన్. కుడివైపు కేబుల్ కవరు చిట్లి, లోపల తీగ తుప్పుతో బిగుసుకుపోతే కొత్తది వేశాను. ఇప్పుడు లివర్ పది పన్నెండు పళ్లు (టిక్ టిక్‌లు) లేస్తోంది. ఈక్వలైజర్ (లివర్ లాగుడిని రెండు కేబుళ్లకూ సమానంగా పంచే పట్టీ) నట్టు ఇంకా బిగిస్తే ఎడమ చక్రం రాసుకుంటోంది, కుడిది మాత్రం పట్టట్లేదు. ఈక్వలైజర్ కూడా వంకరగా నిలబడింది. ఎడమ కేబుల్ కూడా మార్చాలా?

స్పానర్13:
ముందు ఆ నట్టు పూర్తిగా వదులు చేయండి. బ్రేకు షూకీ (డ్రమ్ము లోపలి గోడకి ఒత్తుకునే వంపు ముక్క) డ్రమ్ముకీ మధ్య ఖాళీని తగ్గించాల్సింది అడ్జస్టర్, కేబుల్ కాదు. ఆ ఖాళీని నట్టుతో పూడిస్తే ఇలాగే ఒక పక్క రాసుకుంటుంది, ఇంకో పక్క పట్టదు.
డ్రమ్ములు తీసి, షూకున్న పార్కింగ్ లివర్ (కేబుల్ లాగే చిన్న చేయి) తన స్టాపుకి పూర్తిగా ఆనిందో లేదో రెండు వైపులా చూడండి. ఆనకపోతే కేబుల్ ఇంకా లాగుతున్నట్టే. అలా ఉంటే చాలా బళ్లలో ఆటో అడ్జస్టర్ కూడా సరిగా పనిచేయదు. తర్వాత డ్రమ్ము ఎక్కించి, చక్రం కాస్త రాసుకునేదాకా స్టార్ వీల్ (అడ్జస్టర్ మీది పళ్ల చక్రం) తిప్పి, స్వేచ్ఛగా తిరిగేంత వరకు వెనక్కి తిప్పండి. బ్రేకు పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి. నట్టు జోలికి వెళ్లేది అప్పుడే.
డ్రమ్ములో దుమ్ము గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

తుప్పుశత్రువు:
ఈక్వలైజర్ వంకర అంటే ఒక పక్క కదలిక ఎక్కడో వృథా అవుతోంది. నా అనుమానం కుడివైపు బ్యాకింగ్ ప్లేటు (డ్రమ్ము వెనకున్న రేకు పళ్లెం, కేబుల్ లోపలికి వెళ్లేది దాని రంధ్రంలోంచే) మీదే. కవరు చివరున్న స్ప్రింగు రెక్కలన్నీ రంధ్రం దాటి లోపల విచ్చుకోవాలి. రంధ్రం అంచున తుప్పు ఉంటే ఒకటి రెండు అక్కడే ఆగిపోతాయి, పైకి మాత్రం ఎక్కినట్టే కనిపిస్తుంది. ఇంకొకరిని లివర్ లాగమని చెప్పి ప్లేటు దగ్గర చూడండి: కదలాల్సింది తీగ ఒక్కటే, కవరు కదిలితే రెక్కలు పట్టలేదన్నమాట. తీయాలంటే రెక్కల మీదకి సరిపోయే రింగ్ స్పానర్ (చాలావాటికి 12 లేదా 13 మి.మీ.) తోసి, అన్నింటినీ ఒకేసారి నొక్కి లాగండి.
పాత, కొత్త కేబుళ్లు పక్కపక్కన పెట్టి కూడా కొలవండి. మొత్తం పొడవు ఒక్కటే చాలదు, కవరు బయటకొచ్చిన తీగ పొడవు కూడా కలవాలి. కుడి, ఎడమ కేబుళ్ల పొడవు వేరుగా ఉండే బళ్లూ ఉన్నాయి.

యాక్సిల్‌బాబాయ్:
ఎడమది రెండు చివరలా విప్పి చేత్తో లాగి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే మార్చడమే. జారుతున్నా, రెండూ ఒకే వయసువైతే జతగా మార్చడం మేలు. లోపల ప్లాస్టిక్ గొట్టమున్న కేబుల్‌లో గ్రీజు పోయకండి.
చివరి సెట్టింగు చక్రాలు వేలాడుతుండగా చేయొద్దు. యాక్సిల్ కిందికి దిగితే కేబుల్ దారి మారుతుంది. స్టాండ్లు యాక్సిల్ కింద పెట్టండి. హ్యాండ్ బ్రేకు లేదు కాబట్టి ముందు చక్రాలకు రెండు పక్కలా అడ్డం తప్పనిసరి. క్లిప్పులన్నీ పెట్టి, కేబుల్ సైలెన్సర్ గొట్టానికి దూరంగా ఉందో లేదో చూడండి. లివర్ గట్టిగా పదిసార్లు లాగి వదిలితే కొత్త కేబుల్ సర్దుకుంటుంది. అప్పుడు నట్టు బిగించండి. పళ్ల లెక్క మాన్యువల్ ప్రకారమే, చాలా బళ్లకు 4 నుంచి 7 మధ్య ఉంటుంది. లివర్ దించితే రెండు చక్రాలూ చేత్తో తేలిగ్గా తిరగాలి. లాక్ నట్ (ఆ నట్టు వదులవకుండా పట్టే రెండో నట్టు) బిగించడం మరిచిపోకండి.