వెల్డింగ్ రికార్డుల సాఫ్ట్‌వేర్: కొనాలా, రాయించుకోవాలా?

షెడ్డు యజమాని (కాకినాడ)
మాది 18 మంది వెల్డర్లున్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. గ్యాసు సైట్లకు పైపు స్పూళ్లు (షెడ్డులోనే అతికించి పంపే పైపు భాగాలు) చేస్తాం. రికార్డులన్నీ ఒక పెద్ద రిజిస్టరులోనూ ఒక ఎక్సెల్ ఫైలులోనూ ఉంటాయి. గత నెల క్లయింటు తరఫున వచ్చిన తనిఖీదారు 47వ జాయింటు మీద వేలు పెట్టి "ఇది వేసిందెవరు?" అన్నారు. రిజిస్టరులో డబ్ల్యూ-11 అని వెల్డరు నంబరు ఉంది. రోజూ పనికి వచ్చే మనిషే. కానీ ఏడు నెలలుగా అతను టిగ్ ప్రాసెస్‌తో రూటు, అంటే జాయింటు అడుగు వరుస, మాత్రమే వేస్తున్నాడు, రాడ్డుతో చేసే ఆర్క్ హోల్డరు పట్టలేదు. ఆ జాయింటుకు మాత్రం పైన ఆర్క్‌తో నింపాడు. వెల్డర్ల అర్హతకు అమెరికా ఇంజనీర్ల సంస్థ అస్మే పెట్టిన కోడు సెక్షన్ 9 ప్రకారం ఏదైనా ఒక ప్రాసెస్‌లో ఆరు నెలలు వెల్డు చేయకపోతే ఆ ప్రాసెస్‌లో వెల్డరు అర్హత పోతుంది. హాజరు పట్టీ చూస్తే ఇది తెలియదు కదా! జాయింటు కోసి మళ్లీ వేశాం.

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి మనిషికింత అని ఏడాది చందా కట్టే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్. రెండోది, మాకు తగ్గట్టు రాసిస్తానంటున్న రామచంద్రపురం కుర్రాడు. ఏది మంచిదంటారు?

కోనసీమ ప్రోగ్రామర్ (అమలాపురం)
రాయించుకోండి. ప్రతి క్లయింటుకూ తనదైన ఫారం ఉంటుంది. రెడీమేడ్‌లో ఉన్న ఫారం మీ క్లయింటుకు నచ్చదు, చివరికి మళ్లీ ఎక్సెల్‌లోకే దించుకుంటారు. ఇంకో మాట. మన తీరం గాలిలో తేమ సంగతి తెలిసిందే. స్ట్రక్చర్ పనుల కోడు ఏడబ్ల్యూఎస్ డీ1.1 ఓవెన్ నుంచి తీసిన ఈ7018 రకం ఆర్క్ రాడ్డును, తేమ పీల్చకుండా, నాలుగు గంటలకు మించి బయట ఉంచనివ్వదు. ఏ కట్ట ఎన్ని గంటలకు ఎవరి చేతికిచ్చారో స్టోరు కుర్రాడు చీటీ మీద రాస్తాడు, ఆ చీటీ సాయంత్రానికి చెమటకు తడిసి ముద్దవుతుంది. నేను చూసిన రెడీమేడ్‌లలో దీనికి ఒక గడి కూడా లేదు. పైగా లంక గ్రామాల పక్కన సైట్లలో సిగ్నల్ అందని చోట్లుంటాయి. నెట్ లేకపోయినా నడిచేది కావాలని రాసేవాడికి ముందే చెప్పవచ్చు.

రిటైర్డ్ క్యూసీ
తమ్ముడూ, గడి కలపడం తేలికే. కోడు నియమం కలపడమే కష్టం. ఉదాహరణకు ప్లాంటు పైపుల కోడు బీ31.3లో శాంపిల్ రేడియోగ్రఫీ, అంటే కొన్ని జాయింట్లకే ఎక్స్‌రే ఫిల్ము తీయడం, తీసుకోండి. ఒక జాయింటు ఫిల్ములో లోపం కనిపిస్తే అదే వెల్డరు వేసిన అలాంటివే మరో రెండు తీయాలి. వాటిలో ఒకటి పోతే దానికి ఇంకో రెండు. అక్కడా పోతే ఆ లాటు, అంటే ఆ శాంపిల్ ఏ జాయింట్ల గుంపులోదో అది, మొత్తం. మేము వీటిని పెనాల్టీ జాయింట్లు అనేవాళ్లం. ఈ లెక్క రాయమని ఒక ప్రోగ్రామర్‌కు చెబితే మొదటి రెండింటితో ఆపేశాడు. లాటు అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆరు నెలలకు అతను హైదరాబాద్ వెళ్లిపోయాడు. తర్వాత ఆ ప్రోగ్రామును ముట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మళ్లీ రిజిస్టరుకే వచ్చాం.

సెక్షన్ 9కు రెండేళ్లకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది. అది చదివి మార్పులు చేయడం అమ్మేవాడి పని, అతనికి వంద మంది కొనుగోలుదారులు ఉంటారు కాబట్టి చేస్తాడు. మీ కుర్రాడికి ఉన్నది మీరొక్కరే.

2014లో మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలింది. అక్కడ కారణం తుప్పు, వెల్డు కాదు. అయినా ఆ ఊరి మీదుగా వెళ్లినప్పుడల్లా నేను సంతకం పెట్టిన కాగితాలు గుర్తుకొస్తాయి.

మిల్లు బాయిలర్ (మండపేట)
18 మందికి సాఫ్ట్‌వేరా? ఎక్సెల్‌లో తేదీ దాటితే ఎరుపు వచ్చేలా పెట్టుకుంటే సరిపోదా?

షెడ్డు యజమాని
పెట్టుకున్నామండీ. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'కొత్త ఫైనల్' అని మూడు ఫైళ్లు తయారయ్యాయి. మూడింటిలోనూ వేర్వేరు గళ్లు ఎర్రగా ఉన్నాయి.

కోనసీమ ప్రోగ్రామర్
క్యూసీ గారూ, మనిషి వెళ్లిపోతాడన్న భయం నిజమే. అందుకే సోర్సు కోడు, డేటాబేస్ రెండూ యజమాని దగ్గరే ఉండాలని ముందే కాగితం రాయించుకోవాలి. చందా కట్టడం మానేసిన రోజున పాత జాయింట్ల డేటా చేతికిస్తారో లేదో రెడీమేడ్ వాడినీ అడగండి. ఒప్పందంలో ఆ వాక్యం కోసం వెతికితే తెలుస్తుంది.

షెడ్డు యజమాని
మీ మాటలు విన్నాక రెండింటినీ పది రోజులు నడిపాను. గత నెల జాయింట్లు రెండింటిలోనూ ఎక్కించాను, 47తో సహా. రెడీమేడ్ దాన్ని పసుపు గుర్తు పెట్టి ఒప్పేసుకుంది. ఆపేయాలి కదా అని అడిగితే తర్వాతి వెర్షన్‌లో చూస్తామన్నారు. కుర్రాడిది మాత్రం 47 దగ్గర ఆగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. మర్నాడు రోజూ ఆర్క్ వేసే డబ్ల్యూ-6 పేరునూ ఆపేసింది. చూస్తే ఆరు నెలలను చివరిసారి వెల్డు చేసిన తేదీ నుంచి కాక, వెల్డరు అర్హత పరీక్ష ఇచ్చిన తేదీ నుంచి లెక్కపెడుతోంది. 47ను ఆపింది కూడా ఆ తప్పు లెక్కతోనే.

రిటైర్డ్ క్యూసీ
అది మీరు పట్టుకున్నారా, కుర్రాడా?

షెడ్డు యజమాని
ఇద్దరమూ కాదు. డబ్ల్యూ-6 టీ తాగుతూ నా వెనక నిలబడి స్క్రీన్ చూశాడు. "నిన్న కూడా ఆర్క్ వేశాను కదండీ, నా పేరు ఎర్రగా ఉందేమిటి?" అన్నాడు.