"ఏక్ వ్యాధ్ నే జాల్ బిఛాయా": అది వ్యాధా, బ్యాధా?

నాగావళి:
దూరదర్శన్ రోజుల్లో తరచు వేసిన హిందీ బొమ్మల సినిమా ఒకటి. ఒక అక్క పిల్లలకి "ఒకటి, అనేకం" అంటే ఏమిటో చెప్తుంటుంది. పిట్టలు గింజలకి దిగి వలలో చిక్కుతాయి, వలతో సహా ఎగిరిపోతాయి, ఎలుకలు వల కొరుకుతాయి. పేరు తట్టడం లేదు. పేరు కన్నా ఒక మాట ఎక్కువ పీకుతోంది. "వహాఁ ఏక్ ... నే జాల్ బిఛాయా థా" అనే చోట ఆ ఖాళీలో "బాధ్" లాంటిదేదో చెవిలో మిగిలింది. బాఘ్ అనుకుంటే పులి వల పన్నడమేమిటి? ఇంకో తిరకాసు: "వఱువాత లేచి వీని మొగము చూచితిని" అన్న మాట కూడా ఈ బొమ్మలతోనే ముడిపడి ఉంది. తెలుగులో కూడా వచ్చిందా?

పాతపుస్తకం:
"ఏక్ అనేక్ ఔర్ ఏకతా". 1974, ఫిల్మ్స్ డివిజన్. విజయా మూలే తీశారు, బొమ్మలు భీమ్‌సేన్‌వి, సంగీతం వసంత్ దేశాయ్, పాడిన చిన్నపిల్ల గొంతు సాధనా సర్గమ్‌ది. చివర్లో "హింద్ దేశ్ కే నివాసీ" పాట వస్తుంది. దాని రచన వినయచంద్ర మౌద్గల్య. అంతా కలిపి ఏడు నిమిషాల సినిమా. అసలు పేరుతో వెతికేవాళ్లు తక్కువ కాబట్టే దొరకదు. ఒకరు "ఏక్ చిడియా" అని, ఇంకొకరు "సూరజ్ ఏక్ చందా ఏక్" అని, మరొకరు చివరి పాట పేరుతో వెతుకుతారు. అన్నీ ఒకే సినిమా ముక్కలు. 1988 నాటి "మిలే సుర్"తో కలిపేసేవాళ్లూ ఉన్నారు, అది వేరు.

మీ ఖాళీలో మాట వ్యాధ్. అనుమానం అక్కర్లేదు. వెంటనే పిల్లాడు "వ్యాధ్ కౌన్ దీదీ?" అని అడుగుతాడు, అక్క "చిడియా పకడ్‌నేవాలా" అని చెప్తుంది. సినిమాలోనే నిఘంటువు ఉంది.

నాగావళి:
పేరు దొరికింది, సంతోషం. కానీ నాకు వకారం వినపడలేదండీ. బకారమే.

తులసివనం:
వినపడదు మరి. హిందీ నేల మీద, ముఖ్యంగా తూర్పున, వ్య వచ్చిన చోట బ్య పలుకుతారు. వ్యాజం బ్యాజ్ అయింది, వివాహం బ్యాహ్ అయింది. రామచరితమానస్ ఉత్తరకాండ చివర తులసీదాసు "గనికా అజామిల బ్యాధ గీధ గజాది ఖల తారే ఘనా" అన్నాడు. అక్కడ వ్యాధ లేదు, బ్యాధే. నాగావళి గారి చెవి సరైనదే.

పాతపుస్తకం:
అది అవధీ భాష. సినిమాలో అక్క మాట్లాడేది బడి పుస్తకం హిందీ. తులసీదాసుని సాక్ష్యానికి పిలిస్తే ఎలా?

చెవికోత:
సాక్షులెందుకు, కొలిస్తే పోయె. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, ట్రాక్ పేరు పక్కన బాణం నొక్కి స్పెక్ట్రోగ్రామ్ వ్యూ, అంటే ధ్వనిని బొమ్మగా చూపేది, పెట్టండి. అందరూ చేసే తప్పు ఒకటుంది. మొదటి "ఏక్ వ్యాధ్" దగ్గర కొలుస్తారు. అక్కడ పనికిరాదు. ముందున్న ఏక్‌లోని క్ కూడా గాలిని ఆపే అక్షరమే, దాని మౌనాన్ని బకారం మౌనమనుకుంటారు. పిల్లాడి ప్రశ్న దగ్గర పట్టుకోండి, అక్కడ మాటకి ముందు ఖాళీ ఉంది. బ అయితే పెదవులు మూసుకుని విడిపోయిన చోట నిలువుగా సన్నని గీత పడుతుంది. హిందీ వ అయితే గీత ఉండదు, స్వరం మెల్లగా మసకలోంచి తేలినట్టు మొదలవుతుంది. వేగం సగానికి తగ్గించి విన్నా తెలుస్తుంది గానీ, "టెంపో" మార్చండి, "స్పీడ్" కాదు. స్పీడ్ తగ్గిస్తే శ్రుతి దిగిపోయి పిల్లాడి గొంతు ముసలాడిదవుతుంది, వకారం ఇంకా బకారంలా మోగుతుంది. కాపీకి కాపీ తీసినవి కాకుండా వీలైనంత శుభ్రమైన కాపీ ఎంచుకోండి. గీత బూజు పట్టినట్టుంటే ఏ తీర్పూ చెప్పలేం.

అమరం అరుగు:
వకారమో బకారమో మీరు తేల్చుకోండి. నా అభ్యంతరం అర్థం మీద. వ్యాధుడు పిట్టలు పట్టేవాడెలా అయ్యాడు? అమరకోశంలో అమరసింహుడు "వ్యాధో మృగవధాజీవో మృగయుర్లుబ్ధకోఽపి సః" అన్నాడు. మృగాన్ని చంపి బతికేవాడు. పక్షులు పట్టేవాడికి విడిగా "జీవాంతకః శాకునికః" అని ఇచ్చాడు, వలవాడికి "వాగురికజాలికౌ" అని ఇంకా విడిగా ఇచ్చాడు. అక్క ఆ పిల్లాడికి తప్పు చెప్పింది.

పాతపుస్తకం:
అక్కది కాదు తప్పు, హితోపదేశం రాసిన నారాయణ పండితుడిది. హితోపదేశంలోనే "కృతాంతమివ ద్వితీయమటంతం పాశహస్తం వ్యాధమపశ్యత్" అని ఉంది, రెండో యముడిలా తిరుగుతూ చేత ఉచ్చు పట్టిన వ్యాధుణ్ణి చూసిందని. సినిమా కథ అక్కడిదే. వ్యాధుడు, నూకలు, వల, పక్షులు, ఎలుక.

అమరం అరుగు:
పంచతంత్రం అని అందరూ అంటారు కదా.

పాతపుస్తకం:
అంటారు. పంచతంత్రంలో చెట్టు మర్రి, ఊరు మహిలారోప్యం. హితోపదేశంలో చెట్టు బూరుగు, "అస్తి గోదావరీతీరే విశాలః శాల్మలీతరుః". చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రికలో "గోదావరీతీరమందు గొప్ప బూరుగువృక్షము గలదు" అన్నాడంటే ఎదురుగా ఉన్నది హితోపదేశమే. మిత్రలాభం అనే భాగాన్ని ముందు పెట్టడం కూడా ఆ వరసే. పంచతంత్రంలో మిత్రభేదం ముందు. నాగావళి గారి రెండో చిక్కు కూడా ఇక్కడే విడిపోతుంది. "వఱువాత లేచి" సినిమాలోది కాదు, సూరిది. కాకి లఘుపతనకం కిరాతుణ్ణి చూసి అనుకునే మాట. సినిమాలో కాకే లేదు. ఒకే కథ రెండు చోట్ల నుంచి వచ్చి తలలో అతుక్కుపోయింది.

శకటరేఫ:
అందరూ వఱువాత అని బండి ఱ తగిలించేస్తున్నారు. అది వఱువాతా, వరువాతా? వరు అంటే వచ్చు (అరవంలో ఇప్పటికీ వరు), వాయికి సప్తమి వాత, అంటే పగలు వచ్చే నోరు, వాకిలి. ఇంత చక్కటి వ్యుత్పత్తికి బండి ఱ అడ్డం. వచ్చుటలోది మామూలు రేఫ. ఈ అలఘురేఫ, అంటే బండి ఱ, తర్వాత ఎవరో ఎక్కించిందే.

కందం గణం:
వ్యుత్పత్తి చక్కగా ఉందని అక్షరాన్ని మార్చేస్తారా? పాఠ్యపుస్తకాలు అరసున్నలతో పాటు బండి ఱలను కూడా ఊడ్చేశాక వరువాత కనపడింది, అంతే. సూరి అచ్చులో బండి ఱ ఉంది. ఆయన అజాగ్రత్తగా రాసే మనిషి కాదు.

శకటరేఫ:
సూరి పందొమ్మిదో శతాబ్ది. ఆయన కన్నా ముందటి ప్రయోగం చూపించండి.

కందం గణం:
చూపించడం కాదు, ఎలా చూడాలో చెప్తాను. యతిస్థానంలో వెతికితే లాభం లేదు, అక్కడ నిలిచేది మొదటి అక్షరం, మనకి వకారమే దొరుకుతుంది. పాదం వఱువాతతో మొదలైన పద్యం కావాలి. అప్పుడు రెండో అక్షరం ప్రాసలో పడుతుంది. మిగతా మూడు పాదాల్లో తఱు, మఱు, నెఱ లాంటివి ఉంటే అలఘువు, హరి, కరి, సిరి ఉంటే లఘువు. సీసంలో, తేటగీతిలో వెతక్కండి, ప్రాస నియమం లేదు. కందంలో, వృత్తాల్లోనే. పాత కవులు రెంటినీ ప్రాసలో కలపలేదు కాబట్టే ఈ పరీక్ష పనిచేస్తుంది, తర్వాతివాళ్ల దగ్గర చెల్లదు. ఇంకో ఉచ్చు: ఇప్పటి అచ్చులు మూడు పాదాల్లోని ఱలనూ ర చేసేసి ఉంటాయి. అందుకని ప్రాసమాటల ఒక్కోదాని పాత రూపం శబ్దరత్నాకరం నిఘంటువులో చూసుకోవాలి.

నాగావళి:
రేఫ సంగతి సరే, అసలు వఱువాతకి అర్థం వేకువేనా? సూరి ముందు వాక్యంలోనే "వేకువ" అన్నాడు. వెంటనే ఇంకో మాట ఎందుకు?

పాతపుస్తకం:
హితోపదేశం మూలాన్ని పక్కనే ఉంచుకుని చదివితే తెలిసిపోతుంది. "అవసన్నాయాం రాత్రౌ" (రాత్రి గడిచిపోగా) దగ్గర సూరి వేకువ వేశాడు, చంద్రుడు అస్తాద్రి కొసన వేలాడే వర్ణన కత్తిరించాడు. "అద్య ప్రాతరేవానిష్టదర్శనం జాతం" దగ్గర వఱువాత వేశాడు. ప్రాతరేవ, అంటే పొద్దున్నే. మనం ఇప్పటికీ పొద్దున్నే లేచి ఎవరి మొహం చూశానో అంటామే, అదే. మూలంలో "చెడు కనపడింది" అని పొడిగా ఉన్నదాన్ని "లేచి వీని మొగము చూచితిని" అని తెలుగు నోట్లో పెట్టాడు. సూరి గొప్పంతా ఇలాంటి చోట్లే ఉంది. గ్రాంథికం గ్రాంథికం అని దూరం పెట్టేవాళ్లు ఈ వాక్యం ఒకసారి పైకి చదవాలి.

శకటరేఫ:
ప్రాతః అంటే సూర్యోదయం వేళ. వేకువ అంటే ఇంకా చీకటి. కాబట్టి వఱువాత వేకువ తర్వాతిది. నా "పగలు వచ్చే వాకిలి" ఇంకా బాగా అతుకుతోంది.

కందం గణం:
కాకి లేచిన క్షణంలోనే అనుకుంది. మధ్యలో సూర్యుడు ఎక్కడ పొడిచాడు?

బూరుగుదూది:
భాష వాళ్లు వల సంగతి పట్టించుకోరేం? నేల మీద నూకలు, మీద నుంచి వల పడితే పిట్ట రెక్క విప్పలేదు, ఎగరడం కల్ల. అంచులకి మేకులు కొట్టిన వలైతే ఎన్ని పావురాలు కలిసినా లేవదు. కథ నడవాలంటే వల కింద పరిచి ఉండాలి, దాని మీద నూకలుండాలి, చిక్కింది కాళ్లే అయ్యుండాలి. అప్పుడే రెక్కలు ఖాళీ. పైగా అన్నీ ఒక్కసారే లేవాలి. ముందూ వెనకా అయితే లేచిన పిట్టను లేవని పిట్ట కిందికి గుంజుతుంది. సినిమాలో లెక్కపెట్టి "ఫుర్ర్" అనిపించడం ఊరికే ముద్దు కోసం కాదు.

అమరం అరుగు:
మూలంలో సాక్ష్యం ఉంది. వాడు "పాశహస్తుడు", చేతిలో ఉన్నవి ఉచ్చులు. ఎలుక హిరణ్యకుడు వచ్చాక పావురాల రాజు చిత్రగ్రీవుడు ముందు నావాళ్ల పాశాలు కొరుకు, "మమ పాశం పశ్చాచ్ఛేత్స్యసి", నాది తర్వాత అంటాడు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాశం! అంటే వలకి కట్టిన ఉచ్చులు. జాలం అన్నా, పాశం అన్నా పేచీ లేదు. తెలుగులో వల అని ఒక్క ముక్కలో తేల్చడం వల్లే బొమ్మల్లో చేపల వల గీస్తున్నారు.

బూరుగుదూది:
ఎలుక ఒకటా, అనేకమా?

అమరం అరుగు:
హితోపదేశంలో ఒక్కటే. పాపం "అహమల్పశక్తిః, దంతాశ్చ మే కోమలాః", నా బలం తక్కువ, పళ్లు మెత్తన అంటుంది. సినిమా పాఠం ఒకటి-అనేకం కాబట్టి ఎలుకల్ని కూడా అనేకం చేశారు. తెలివైన మార్పు. అయితే ఆ మార్పుతో చిత్రగ్రీవుడి "ముందు వాళ్లవి, తర్వాత నాది" ఎగిరిపోయింది. ఎలుకలు బోలెడుంటే వరసెందుకు? కథలో నాకు అన్నిటికన్నా విలువైన వాక్యం అదే.

తులసివనం:
వ్యాధుడంటే మృగాన్ని చంపేవాడేనని అమరం పట్టుకున్నవారికి ఒక ప్రశ్న. భారతంలో ధర్మవ్యాధుడు ఎవర్ని చంపాడు?

అమరం అరుగు:
ఎవర్నీ చంపలేదు. ఇతరులు చంపిన పంది, దున్నల మాంసం మిథిలలో అమ్ముతానని తనే చెప్తాడు. అక్కడ వ్యాధ అనేది పుట్టుక, పని కాదు. ఆ కథలో పిట్టను చంపింది తపస్వి కౌశికుడు, చూపుతో కొంగను కాల్చాడు. తెలుగులో ఆ ఘట్టం ఎఱ్ఱన చేతిలో పడింది, నన్నయ ఆగిన చోటికి అవతల. ఎఱ్ఱన ఆ సంభాషణ నడిపిన తీరు మీద విడిగా మాట్లాడాలి.

శకటరేఫ:
వ్యాధి, వ్యాధ ఒకే ధాతువా?

అమరం అరుగు:
కాదు. వ్యాధ "వ్యధ్", గుచ్చు, కొట్టు. వ్యాధి "వి, ఆ" ఉపసర్గలతో "ధా". పలుకుబడి పోలికే తప్ప చుట్టరికం లేదు.

ఉడుమూరు:
ఇంతసేపు వ్యాధ, కిరాత, శాకునిక అంటున్నారు, తెలుగు మాట ఒక్కరూ అనరేం? బోయ ఉంది, చెంచు ఉంది, ఎఱుకు ఉంది. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడి కథ తీయండి. పొత్తపినాటి ఉడుమూరు, వేటకుక్కలు, వలలు, ఉచ్చులు, సామగ్రి అంతా అక్కడే ఉంది. వేటను అంత దగ్గరగా చూసి రాసిన తెలుగు కవి ఇంకొకడు లేడు.

కందం గణం:
ఉన్నాడు, పెద్దన. మనుచరిత్రలో స్వరోచి వేట.

ఉడుమూరు:
పెద్దన వేట రాజు గుర్రం మీంచి కనపడే వేట. ధూర్జటిది వల పేనేవాడి వైపు నుంచి కనపడేది. పోల్చకండి.

నాగావళి:
ఆడాసిటీలో పెట్టి చూశాను. పిల్లాడి మాట మొదట్లో గీత లాంటిది ఒకటుంది, కానీ సన్నంగా, సగమే. ఇంతకీ వ్యాధా, బ్యాధా?

చెవికోత:
సగం గీత అంటే వెనక వాద్యం దెబ్బ కావచ్చు. ముందు వెనకల్లో అలాంటివి సమాన దూరంలో ఉన్నాయేమో చూడండి. ఉంటే అది తాళం.

శకటరేఫ:
ఎఱుకు అన్నారు కదా ఉడుమూరు గారూ, జ్ఞానం అనే ఎఱుకలోనూ బండి ఱే. ధూర్జటి ఆ రెంటినీ ఒకే పద్యంలో ప్రాసకి కట్టిన చోటుంటే పాదం పెట్టండి. వఱువాత సంగతి ఆ తర్వాత చూద్దాం.