మోకాలి నొప్పితో నడక ఆగింది, మా వారు కూడా మానేస్తున్నారు

మాది కూకట్‌పల్లి. నాకు 46 ఏళ్లు, బరువు 82 కిలోలు. మా వారికి షుగర్. జనవరి నుంచి ఇద్దరం పొద్దున్నే 40 నిమిషాలు నడిచేవాళ్లం, నేను 4 కిలోలు తగ్గాను. మూడు వారాలుగా మెట్లు దిగుతుంటే కుడి మోకాలి చిప్ప వెనక పొడిచినట్టు నొప్పి. వాపు లేదు. బూట్లు మార్చాను, వారం విశ్రాంతి తీసుకున్నాను, ఐస్ పెట్టాను. అయినా నడిచిన పదో నిమిషానికే మళ్లీ మొదలు. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు డాక్టరు గారు, బరువు తగ్గమన్నారు. రాత్రిళ్లు ఇద్దరం జొన్నరొట్టె తింటున్నాం, అదొక్కటే ఆగలేదు. నేను రాకపోతే ఆయన గేటు దాకా వెళ్లి, చెప్పులు విడిచి, సోఫాలో కూర్చుంటున్నారు. నా అసలు టెన్షన్ అదే. ఇలాంటి నొప్పి ఉన్నవాళ్లెవరైనా ఇంట్లోనే, ఇద్దరూ కలిసి, మోకాలిపై భారం పడకుండా ఏ వ్యాయామం చేశారు?